ఊరి లెక్క ఎవరికి చెప్పాలి?

రాజకీయం అనగానే మన ఇళ్ళలో ఎన్నికల ముచ్చట మొదలవుతుంది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎవరు ఏ పార్టీలోకి వెళ్ళారు అనే మాటలతోనే అది ముగిసిపోతుంది. గెలిచినవారు వచ్చి కూర్చునే కుర్చీ ఎలా ఏర్పడింది, దానికి అధికారం ఎవరిచ్చారు, అందులో కూర్చున్నవారు ఎవరికి జవాబు చెప్పాలి అనే ప్రశ్నలు మాత్రం ఎవరికీ తట్టవు. మనుషులు వస్తారు, పోతారు, సంస్థలు నిలుస్తాయి. నిలుస్తాయంటే మారవని కాదు. ఒక్కొక్కప్పుడు వందేళ్ళు పట్టే మార్పు, ఒక్కొక్కప్పుడు ఒకే ఆర్డినెన్సుతో జరిగిపోతుంది. ఈ నెల ఈ శీర్షికలో ఆ మార్పును ఒకే ప్రాంతంలో, ఒకే ప్రశ్నతో పరిశీలించదలచాము. ప్రాంతం అనంతపురం. ప్రశ్న ఇది: ఊరి లెక్క ఎవరి చేతిలో ఉంటుంది, ఆ లెక్క ఎవరికి చెప్పాలి?

అనంతపురాన్నే ఎంచుకోవడానికి కారణముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే పీఠభూమి అది. ఆ కాస్తా అదనుకు పడుతుందన్న భరోసా లేదు. ఎర్రనేలలో వేరుశనగ విత్తి మబ్బు కోసం ఎదురుచూసే రైతు, ఆ మబ్బు తేలిపోతే అప్పు కోసమో, పరిహారం కోసమో, పని కోసమో ఏదో ఒక కచేరీ గడప తొక్కక తప్పదు. లేదా బెంగళూరు బస్సెక్కాలి. కదిరి, హిందూపురం ప్రాంతాల్లోని మన కుటుంబాలకూ, పల్లెల్లో తరతరాలుగా తెలుగే మాతృభాషగా బతుకుతున్న దూదేకుల సోదరులకూ ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కరువు నేలలో ప్రభుత్వ కార్యాలయం పని తీరు అన్నది పుస్తకాల్లోని విషయం కాదు. అది పొయ్యి మీది కుండకు సంబంధించిన విషయం.

కచేరీ మాటలు

1800 అక్టోబరులో నిజాము ప్రభువు, తన రక్షణకై ఉంచిన సైన్యపు ఖర్చు కింద, ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అంతకు కొన్నేళ్ళ ముందు టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధాల ఫలితంగా ఆయనకు దక్కిన నేల ఇది. దత్తమండలాలనే పేరు అలా వచ్చింది. వాటిని పాలించడానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807 వరకు అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. అనంతపురం ప్రత్యేక జిల్లాగా బళ్ళారి నుంచి విడివడింది మాత్రం 1882లో.

మన్రో ఇక్కడ స్థిరపరచిన పద్ధతిని రైత్వారీ అన్నారు. జమీందారు మధ్యలో లేకుండా, ప్రతి రైతూ తన పేరిట పట్టా పొంది, శిస్తును నేరుగా ప్రభుత్వానికి చెల్లించడం దాని సారం. పొలం పొలం కొలిపించి శిస్తు కట్టిన తరువాత, అది రైతు మోయలేని బరువని మన్రోయే గ్రహించి, పాతిక శాతం తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. పైవారు అప్పుడు వినలేదు. రైత్వారీని పక్కనబెట్టి, ఊళ్ళను గుత్తకు ఇచ్చి చూశారు. ఆ ప్రయోగం విఫలమైంది. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే రైత్వారీ గట్టిగా నిలదొక్కుకుంది.

ఇక్కడ మనం గమనించవలసిన ముచ్చట ఒకటుంది. జిల్లా, తాలూకా, తహసీల్దారు, జమాబందీ, ఫసలీ, మునసబు అనే మాటల్లో ఏదీ కంపెనీ తెచ్చినది కాదు. అరబీ, పారసీ భాషల నుంచి పూర్వపు సుల్తానుల, నిజాముల దివానాల ద్వారా వచ్చి తెలుగు పల్లె నోట స్థిరపడిన మాటలు అవి. యజమాని మారాడు, కచేరీ భాష మారలేదు. కొత్త పాలన పాత మాటలనూ, పాత ఉద్యోగులనూ వాడుకునే తన పని సాగించింది. సంస్థలు మారే తీరు సాధారణంగా ఇదే. పేరు పాతదే ఉంటుంది, లోపలి అధికారం చేతులు మారుతుంది. అందుచేత పేరు చూసి ఏమీ మారలేదనుకోవడమూ పొరపాటే, కొత్త పేరు చూసి అంతా మారిపోయిందనుకోవడమూ పొరపాటే.

రైత్వారీలో రైతుకూ ప్రభుత్వానికీ మధ్య జమీందారు లేడన్నది నిజం. కాని కరణం ఉన్నాడు. ఎవరి పొలం ఎంత, ఏ పైరు వేశారు, శిస్తు ఎంత బాకీ అన్నదంతా ఆయన దస్త్రంలో ఉండేది. ఉద్యోగం వంశపారంపర్యం. రాత గొలుసుకట్టు. అంటే అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ కలం ఎత్తకుండా రాసుకుపోయే రాత. చదువొచ్చినవారికే అది అంతుపట్టేది కాదు; చదువురాని రైతు సంగతి చెప్పనే అక్కరలేదు. కరణాలలో ధర్మబుద్ధి గలవారు ఎందరో ఉండవచ్చు. మన ప్రశ్న వ్యక్తులను గురించి కాదు. ఏటా జమాబందీ జరిగినప్పుడు కరణం తన లెక్కను పై అధికారి ముందు విప్పేవాడు. ఊరివారి ముందు విప్పవలసిన అవసరం ఆయనకు లేదు. లెక్క ఊరిది, కాని జవాబు పైకి. ఈ ఒక్క వాక్యంలో ఆ వ్యవస్థ అంతా ఉంది.

దయగా ఇచ్చిన కూలి

ఆ వ్యవస్థ నిజరూపం కరువులో బయటపడింది. 1876లో మొదలైన మహాకరువును రాయలసీమ నేటికీ ధాత కరువు అని తలచుకుంటుంది. అది ధాత నామ సంవత్సరం. పనికి వచ్చినవారికి మద్రాసు రాజధానిలో ఇస్తున్న కూలిని, ఖర్చు పొదుపు పేరిట, రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర స్థాయికి కోసివేశారు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని వైద్యులు మొరపెట్టుకున్న మీదట కొన్ని నెలలకు కాస్త పెంచారు. తరువాత 1880 నాటి కరువు కమిషను సిఫారసులను అనుసరించి కరువు నియమావళి తయారైంది. కరువు ఎప్పుడు ప్రకటించాలి, పనులు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నవి అందులో ఉన్నాయి.

నియమావళి మేలే చేసింది. అయితే పని పెట్టాలో వద్దో నిర్ణయించేది ప్రభుత్వమే. పని దొరకలేదని కూలి మనిషి అడిగే హక్కు అందులో లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా, 1950ల తొలినాళ్ళలో సీమను కరువు చుట్టుముట్టినప్పుడు, గంజి కేంద్రాల ముందు జనం వరుస కట్టారు. పోసిన గంజికి దండం పెట్టవలసిందే. పోయని గంజిని గురించి అడగడానికి చోటు లేదు.

ఓటు వచ్చింది, దస్త్రం అక్కడే ఉంది

1950లో రాజ్యాంగం వచ్చింది. ఓటు అందరిదీ అయింది. కరణాన్ని కలెక్టరు ముందు నిలబెట్టే వ్యవస్థ స్థానంలో, మంత్రిని శాసనసభ ముందు నిలబెట్టే వ్యవస్థ ఏర్పడింది. ఇది చిన్న మార్పు కాదు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి జీవితంలోని రెండు ఘట్టాలు ఈ మార్పును చక్కగా చూపిస్తాయి. కర్నూలు జిల్లాలో బస్సు మార్గాల జాతీయీకరణ వివాదంలో, ముఖ్యమంత్రిపై చేసిన ఆరోపణలను తగిన విధంగా ఖండించలేదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించినప్పుడు, 1964లో ఆయన పదవి వదులుకున్నారు. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనప్పుడు, సభాపతి ఏ పార్టీకీ చెందకూడదంటూ తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ రెండవ పని చేసి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం అడగనిదాన్ని కూడా మర్యాదగా పాటించడం వల్లనే సంస్థలకు గౌరవం వస్తుంది. ఆ మర్యాద అంతటా ఆచారంగా స్థిరపడకపోవడం కూడా మన కళ్ళముందే ఉన్న నిజం.

పైన ఇంత జరుగుతున్నా, ఊళ్ళో దస్త్రం కరణం ఇంట్లోనే ఉంది. తండ్రి తరువాత కొడుకుకు గ్రామోద్యోగమన్న నియమం రాజ్యాంగంలోని సమానావకాశానికి విరుద్ధమని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పింది. అయినా ఆ వ్యవస్థ పూర్తిగా కదలడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు వంటి గ్రామోద్యోగాలను రద్దు చేసింది. సుప్రీంకోర్టు మరుసటి ఏడాది ఆ రద్దును సమర్థించింది. అదే 1985లో రామారావు హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తాలూకాల స్థానంలో చిన్న మండలాలు వచ్చి, ఆఫీసు పల్లెకు కొంత దగ్గరైంది. దస్త్రం ఇంటి నుంచి కార్యాలయానికి చేరింది. కాని అప్పటికీ జవాబు పైకే.

ఖాళీ కుర్చీల కాలం

ఊరి లెక్కను ఊరికే చెప్పాలన్న ఆలోచనకు రాజ్యాంగ బలం వచ్చింది 73వ సవరణతో. 1993 ఏప్రిల్ 24న అది అమలులోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది. పంచాయతీలకు ఐదేళ్ళకొకసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి; వాటిని నిర్వహించడానికి ప్రతి రాష్ట్రంలో ప్రత్యేక ఎన్నికల సంఘం ఏర్పడింది. మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించబడ్డాయి. మన రాష్ట్రం 2011లో దాన్ని సగానికి పెంచింది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలన్నది.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది కూడా నేల మీద ఎంత తేలికగా జారిపోగలదో చూడండి. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో ఒక ప్రభుత్వం పోయి మరొకటి వచ్చింది. కరోనా వచ్చింది. ఎన్నికల కమిషనరును ఆర్డినెన్సుతో తొలగిస్తే హైకోర్టు ఆయనను తిరిగి నియమించింది. ఆ రెండున్నరేళ్ళూ పంచాయతీలను నడిపింది ప్రత్యేకాధికారులు. అంటే మళ్ళీ పైకి జవాబు చెప్పేవారే. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ ఆలస్యం అసౌకర్యంగా తోచలేదు. ఇక్కడ మేము ఏ పార్టీని తప్పుపట్టడానికో, మెచ్చుకోవడానికో ఈ మాట రాయడం లేదు. అడిగేవారు లేని చోట రాజ్యాంగపు ఆజ్ఞ కూడా వాయిదా పడుతుందని చెప్పడానికే రాస్తున్నాము.

బండ్లపల్లి నుంచి

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో తొలి విడతగా 200 జిల్లాల్లో మొదలైన ఆ పథకానికి నాంది పలికింది ఈ కరువు నేల పల్లెలోనే. 2005లో పార్లమెంటు చేసిన ఆ చట్టం కరువు నియమావళిని తలకిందులు చేసింది. పని పెట్టాలా వద్దా అన్నది ఇక ప్రభుత్వం ఇష్టం కాదు. గ్రామీణ కుటుంబం అడిగితే ఏడాదిలో 100 రోజుల పని ఇవ్వాలని ఆ చట్టం ఆదేశించింది. అడిగిన 15 రోజుల్లో ఇవ్వలేకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి: మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తరువాత కనీసం సగం. పని ఊరికి ఐదు కిలోమీటర్లు దాటితే పది శాతం అదనపు కూలి. పని పొందేవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు. ధాత కరువు నాటి కూలి మనిషికీ, బండ్లపల్లిలో జాబ్ కార్డు అందుకున్న మనిషికీ ఉన్న తేడా కూలి మొత్తంలో లేదు. మొదటివారికి ఇచ్చింది దయ. రెండవవారు అడిగింది హక్కు.

అంతకంటె లోతైన మార్పు ఆ చట్టంలోని 17వ సెక్షనులో ఉంది. పథకం కింద జరిగిన పనులన్నిటినీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని అది ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పనిని తక్కిన రాష్ట్రాల కంటె శ్రద్ధగా చేపట్టి, 2009లో దీనికోసమే ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, వారి సొంత ఊరికి కాక వేరే ఊళ్ళకు పంపారు. వారు మస్టర్లు చేతబట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగారు: "మీ పేరిట ఇన్ని రోజుల పని రాసి ఉంది. మీరు చేశారా? ఈ డబ్బు మీకు అందిందా?" తరువాత కుంటను, కట్టను కొలిచి చూశారు. ఆ లెక్కను గ్రామసభలో గట్టిగా చదివారు. ఆపై మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒకవైపు అధికారులు, ఒకవైపు కూలీలు. పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు, తవ్వని గుంతలు ఇలాంటి వేదికల మీద బయటపడ్డాయి.

తనిఖీలో తేలిన సొమ్మంతా తిరిగి వసూలైందని మేము చెప్పబోము. తేలిన అక్రమానికి శిక్ష పడటం తనిఖీ కంటె కష్టమని అందరికీ తెలిసిందే. కాని రెండు వందల ఏళ్ళ చరిత్ర నేపథ్యంలో ఆ దృశ్యాన్ని చూడండి. గొలుసుకట్టు రాతలో కరణం దస్త్రంలో దాగిన లెక్క, ఇప్పుడు ఊరి నడుమ, ఊరి భాషలో, పనిచేసినవారి ముందు చదవబడుతున్నది. జవాబు దిశ మారింది. పైకి చెప్పే లెక్క కిందికి దిగింది.

కొత్త గొలుసుకట్టు

దిగిన లెక్క అక్కడే ఉండిపోతుందన్న హామీ లేదు. 2023 నుంచి పనిచోట హాజరు సెల్‌ఫోన్ యాప్‌లో, రోజుకు రెండుసార్లు ఫొటోతో నమోదు కావాలన్నారు. 2024 జనవరి నుంచి కూలి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే చేరుతుందన్నారు. దొంగ పేర్లను అరికట్టడమే వీటి ఉద్దేశమన్నారు. ఆ ఉద్దేశాన్ని కాదనలేము. అయితే సిగ్నలు అందని గుట్ట పక్కన ఫొటో ఎక్కకపోతే, వేలిముద్ర అరిగిపోయిన ముసలమ్మ ఖాతా ముడిపడకపోతే, జవాబు చెప్పవలసినది ఎవరు? ఫీల్డ్ అసిస్టెంటు "నా చేతిలో లేదు" అంటాడు. మండలాఫీసు "సర్వరు తీసుకోవడం లేదు" అంటుంది. సర్వరును గ్రామసభకు పిలవలేము. లెక్క మళ్ళీ చదవరాని రాతలోకి, మళ్ళీ పైకి వెళ్ళిపోయే ప్రమాదం ఇందులో ఉంది. పథకాలకు పేర్లు మారవచ్చు, చట్టాలకు సవరణలు రావచ్చు. ఏ మార్పు వచ్చినా మనం వేయవలసిన కొలత ఒకటే: దీనివల్ల జవాబు మనకు దగ్గరైందా, దూరమైందా?

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలనూ ఇదే కొలతతో చూడాలి. ధ్రువపత్రం కోసం మండల కేంద్రానికి తిరిగే బాధ తగ్గింది. అది నిజమైన మేలు. కాని అందులోని ఉద్యోగులు మనం ఎన్నుకున్నవారు కారు. ఎన్నుకున్న సర్పంచి, నియమితులైన ఉద్యోగి, ఇద్దరూ గ్రామసభ ముందు కూర్చున్న రోజే ఆ భవనం మనదవుతుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ప్రభుత్వం తలచుకుంటే సభ జరుగుతుందని అది చూపింది. ప్రభుత్వం తలచుకోని రోజున కూడా జరిపించుకోవడం మన పని.

మన వంతు

ఇక మన ఇళ్ళ సంగతి. గ్రామసభ అంటే మనకు సంబంధించని వ్యవహారమన్న భావం మన కుటుంబాల్లో తక్కువేమీ కాదు. "నాలుగిళ్ళవాళ్ళం, మన మాట ఎవరు వింటారు" అని మగవారు, "అక్కడికి ఆడవాళ్ళం ఏం పోతాం" అని స్త్రీలు ఆగిపోతారు. ఊరిలో నాలుగిళ్ళే ఉన్నప్పుడు, ఆ నాలుగిళ్ళ పేరు లెక్కలో ఉందో లేదో చూసుకోవలసిన అవసరం మరింత ఎక్కువ. పెద్ద వర్గం పేరు తప్పిపోతే పదిమంది గుర్తిస్తారు. మన పేరు తప్పిపోతే మనమే గుర్తించాలి.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. ఎన్నో మస్జిదుల్లో కమిటీ తన జమాఖర్చులను రాసి గోడకు అంటిస్తుంది, లేదా జుమా తరువాత చదివి వినిపిస్తుంది. సున్నం ఖర్చు ఎంత, కరెంటు బిల్లు ఎంత అని ఒక సామాన్య నమాజీ లేచి అడిగితే, అది అవమానమని ముతవల్లీ అనుకోడు, అనుకోకూడదు. సొమ్ము అమానత్ అయినప్పుడు అడగడం అనుమానం కాదు. అడిగించుకోవడం అప్రతిష్ఠా కాదు. ఆ అలవాటునే మస్జిదు గడప దాటించి పంచాయతీ అరుగు దాకా తీసుకువెళ్ళమని మా మనవి. లెక్క చెప్పని మస్జిదు కమిటీలు మన మధ్య ఉంటే, ముందు అక్కడి నుంచే మొదలుపెట్టమని కూడా.

చేయవలసినది చాలా కొద్ది. ఈసారి గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. జాబ్ కార్డు ఉన్న ఇల్లయితే, అందులో రాసిన రోజులనూ ఖాతాలో పడిన కూలినీ సరిచూసుకోండి. ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్ల ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి. పని కావాలన్న దరఖాస్తు నోటితో కాక కాగితం మీద ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. 15 రోజుల గడువు మొదలయ్యేది ఆ తేదీ నుంచే. సామాజిక తనిఖీకి వచ్చినవారు తలుపు తట్టినప్పుడు, "మాకెందుకు గొడవ" అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సభలో ఒక్క ప్రశ్న అడగండి. జవాబు రాకపోతే, ఆ ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో రాయించండి.

మన్రో జమాబందీలో రైతు పట్టా అందుకుని వెనుదిరిగేవాడు. అతనికి అడిగే అవకాశం లేదు. ఆ అవకాశం మన చేతికి వచ్చేసరికి రెండు శతాబ్దాలు, ఎన్నో కరువులు గడిచాయి. దాన్ని ఎవరో లాక్కోనక్కరలేదు. సభ జరిగే రోజున మనం ఇంట్లో కూర్చుంటే అదే వెళ్ళిపోతుంది.